రెండర్ బటన్ నొక్కే ముందు మిల్లీమీటర్లు: జర్నల్‌కి బొమ్మలు సరైన కొలతలో తయారుచేసుకోవడం

కొన్నేళ్ల కిందట నేను ఒక ప్రోటీన్ బొమ్మ తీశాను. వెడల్పు 4000 పిక్సెళ్లు. రాత్రంతా కంప్యూటర్‌ని రే ట్రేసింగ్‌కి (కాంతి కిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీయడానికి) వదిలేసి, పొద్దున్నే చూసుకుని మురిసిపోయాను. తెరమీద ప్రతి అమైనో ఆమ్లం పేరూ చక్కగా కనిపించింది. రెండు నెలల తర్వాత జర్నల్ నుంచి ప్రూఫ్, అంటే అచ్చుకి ముందు సరిచూసుకునే ప్రతి, వచ్చింది. 89 మిల్లీమీటర్ల కాలమ్‌లో అదే బొమ్మ, కానీ పేర్లు నలుసుల్లా ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకున్నా చదవలేని పరిస్థితి.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఆ అక్షరాల ఎత్తు బొమ్మలో 40 పిక్సెళ్లు. 4000 పిక్సెళ్లు 89 మిల్లీమీటర్లలో సర్దుకుంటే 40 పిక్సెళ్లకి వచ్చేది 0.89 మిల్లీమీటరు, అంటే సుమారు రెండున్నర పాయింట్ల అక్షరం (పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు). మామూలుగా బొమ్మల్లో 5 పాయింట్ల కంటే చిన్న అక్షరాన్ని ఏ జర్నలూ ఇష్టపడదు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ బొమ్మకి రిజల్యూషన్ తక్కువేమీ కాలేదు. అంగుళానికి 1100 చుక్కలు పైనే ఉన్నాయి. రిజల్యూషన్ కావలసినదానికి మూడింతలున్నా బొమ్మ పనికిరాలేదు. ఎందుకంటే అది అచ్చులో ఎంత వెడల్పులో పడుతుందో నేను ముందే అడగలేదు.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. మొదట మిల్లీమీటర్లు, ఆ తర్వాతే పిక్సెళ్లు. ఈ వరసలో ఎలా చేయాలో మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా అణువుల బొమ్మల నుంచి ఇస్తున్నా, పద్ధతి ద్రవ ప్రవాహాల సిమ్యులేషన్‌కీ, త్రీడీ మోడల్‌కీ, గ్రాఫ్‌కీ అంతే పనికొస్తుంది.

మొదటి మెట్టు: అచ్చులో వెడల్పు తేల్చుకోండి

మీరు పంపబోయే జర్నల్ వెబ్‌సైట్‌లో రచయితలకిచ్చే సూచనలు తెరిచి బొమ్మల విభాగం చూడండి. దాదాపు అన్నిచోట్లా రెండు మూడు వెడల్పులే ఉంటాయి: ఒక కాలమ్, ఒకటిన్నర కాలమ్, పూర్తి పేజీ. నేచర్‌లో ఒక కాలమ్ 89 మిల్లీమీటర్లు, రెండు కాలమ్‌లు 183 అనేది చాలా ఏళ్లుగా వస్తున్న కొలత. సెల్ ప్రెస్ జర్నళ్లలో 85, 114, 174. ఎల్సెవియర్ సాధారణ సూచనల్లో 90, 140, 190. పీఎన్ఏఎస్‌లో 8.7, 11.4, 17.8 సెంటీమీటర్లు. ఈ అంకెలు అప్పుడప్పుడు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ మారుతుంటాయి. కాబట్టి పంపే రోజున అసలు పేజీ ఒకసారి చూసుకోవడం మంచిది.

ఎత్తు సంగతి చాలామంది మర్చిపోతారు. పేజీ నిలువు కొలతలో బొమ్మతోపాటు దాని కింది వివరణ కూడా పట్టాలి. నేచర్ పేజీ నిలువు 247 మిల్లీమీటర్లు. బొమ్మే అంతా ఆక్రమిస్తే వివరణకి చోటుండదు, అప్పుడు వాళ్లు బొమ్మని కుదిస్తారు, దాంతోపాటు మీ అక్షరాలూ కుదించుకుపోతాయి.

ఏ వెడల్పు ఎంచుకోవాలి? నా అభిప్రాయం: ఒక కాలమ్‌లో చెప్పగలిగింది ఒక కాలమ్‌లోనే చెప్పండి. పేజీ వెడల్పు బొమ్మని నాలుగైదు భాగాలు పక్కపక్కన పెట్టి పోల్చాల్సినప్పుడు వాడండి. ఒకే అణువుని పేజీ నిండా పరిచినంత మాత్రాన కొత్తగా కనిపించేదేమీ ఉండదు. ఎడిటర్ దాన్ని ఒక కాలమ్‌కి కుదిస్తే మీరు వేసుకున్న లెక్కలన్నీ సగానికి పడిపోతాయి.

ఏ జర్నల్‌కి పంపాలో ఇంకా తేలకపోతే 85 మిల్లీమీటర్లు అనుకుని మొదలుపెట్టండి. ఆ వెడల్పులో చదవగలిగింది 90లోనూ చదవగలరు.

రెండో మెట్టు: మిల్లీమీటర్ల నుంచి పిక్సెళ్లకి

సూత్రం చిన్నదే. మిల్లీమీటర్లని 25.4తో భాగించి అంగుళాలు చేయండి, దాన్ని డీపీఐతో, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ అంకెతో, గుణించండి. 89 మిల్లీమీటర్లు అంటే 3.5 అంగుళాలు. 300 డీపీఐ అయితే 1051 పిక్సెళ్లు, 600 అయితే 2102. అదే 183 మిల్లీమీటర్లకి 300 దగ్గర 2161, 600 దగ్గర 4323.

300 అన్న అంకె ఎక్కడినుంచి వచ్చింది? అచ్చు యంత్రం రంగు ఛాయల్ని చిన్న చిన్న చుక్కల వరసలుగా వేస్తుంది. నాణ్యమైన అచ్చులో అంగుళానికి సుమారు 150 వరసలు ఉంటాయి. ఒక్కో వరసకి రెండు పిక్సెళ్లు ఇస్తే సరిపోతుందన్న లెక్కలో 300 వచ్చింది. ఫొటోలకీ, నునుపైన ఛాయలున్న రెండర్‌లకీ (మోడల్ నుంచి సాఫ్ట్‌వేర్ గీసిచ్చే బొమ్మలకీ) ఇది చాలు. నల్లటి గీతలు, అక్షరాలు వేరు. వాటి అంచు ఛాయగా మారకుండా నల్లగా, పదునుగా ఆగిపోవాలి. అందుకే గీతల బొమ్మలకి 1000 డీపీఐ, ఛాయలూ అక్షరాలూ కలిసిన వాటికి 500 అడిగే జర్నళ్లున్నాయి.

నేను రెండర్ బొమ్మ వరకు 600 డీపీఐలో తీస్తాను, అక్షరాలు మాత్రం అందులో పెట్టను. అక్షరాల్ని తర్వాత వెక్టర్‌గా, అంటే పిక్సెళ్లుగా కాకుండా గీతల లెక్కగా, చేరుస్తాను, అప్పుడు వాటికి డీపీఐ అన్న మాటే ఉండదు. 600 ఎందుకంటే ప్రోటీన్ గొలుసుని చూపించే రిబ్బన్ల చుట్టూ ఉండే నల్లటి గీతలు 300లో కొంచెం మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. 1200 వద్దు. వెడల్పు రెట్టింపైతే పిక్సెళ్ల సంఖ్య నాలుగింతలవుతుంది, రెండర్ సమయం కూడా దాదాపు అంతే పెరుగుతుంది. కంటికి మాత్రం తేడా తెలియదు.

మూడో మెట్టు: దృశ్యాన్ని ఆ కొలతకి సిద్ధం చేయండి

అసలు పని అంతా ఇక్కడే. తొందరపడకండి.

ముందు విండో ఆకారం. బొమ్మ 89 × 70 మిల్లీమీటర్లు అనుకున్నారనుకోండి, సాఫ్ట్‌వేర్ విండోని 890 × 700 పిక్సెళ్లకి మార్చండి. నిష్పత్తి ఒకటే కాబట్టి తెరమీద కనిపించినదే రెండర్‌లోనూ వస్తుంది. వెడల్పు విండోలో కూర్చుని నిలువు బొమ్మ తీస్తే, అంచుల్లో అణువు తెగిపోవడమో, పనికిరాని తెల్లటి చోటు మిగిలిపోవడమో జరుగుతుంది. తెల్లచోటు విషయంలో కాస్త కఠినంగానే ఉండండి. అణువు చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ చాలు. ఆ ఖాళీ పెరిగినకొద్దీ మీరు చూపించదలచుకున్నది చిన్నదైపోతుంది.

తర్వాత కెమెరా. పర్‌స్పెక్టివ్‌లో దగ్గరి వస్తువులు పెద్దగా, దూరపువి చిన్నగా వస్తాయి. చూడ్డానికి బాగుంటుంది కానీ బొమ్మలో స్కేల్ బార్ పెట్టాలంటే పర్‌స్పెక్టివ్ కుదరదు, ఎందుకంటే ఒకే పొడవు లోతుని బట్టి రకరకాలుగా కనిపిస్తుంది. దగ్గరైనా దూరమైనా పొడవు ఒకేలా చూపించే ఆర్థోగ్రాఫిక్‌కి మార్చండి. అణువుల బొమ్మలు తీసే పైమాల్‌లో ఆర్థోస్కోపిక్ అనే సెట్టింగ్ ఉంది, మిగతా సాఫ్ట్‌వేర్లలోనూ కెమెరా మెనూలో ఉంటుంది.

ఇప్పుడు మందం. ఇది చాలామంది చేయని లెక్క, కానీ బొమ్మ బతికేదీ చచ్చేదీ దీనిమీదే. 60 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటర్‌లో పదో వంతు) వెడల్పున్న చిన్న ప్రోటీన్ 80 మిల్లీమీటర్లలో పరుచుకుందనుకోండి. అంటే ఒక ఆంగ్‌స్ట్రామ్‌కి 1.33 మిల్లీమీటర్లు. పైమాల్‌లో అణువుల మధ్య బంధాల్ని కడ్డీలుగా చూపించే స్టిక్ వ్యాసార్ధం మామూలుగా 0.25 ఆంగ్‌స్ట్రామ్, కాబట్టి స్టిక్ మందం అర ఆంగ్‌స్ట్రామ్. అచ్చులో 0.67 మిల్లీమీటరు, దాదాపు రెండు పాయింట్లు. చక్కగా కనిపిస్తుంది.

ఇదే స్టిక్‌ని 200 ఆంగ్‌స్ట్రామ్‌ల పెద్ద కాంప్లెక్స్‌లో (అణువులు కొన్ని కలిసిన గుంపులో) పెట్టండి. ఆంగ్‌స్ట్రామ్‌కి 0.4 మిల్లీమీటరు, స్టిక్ మందం 0.2 మిల్లీమీటరు. అర పాయింట్ పైన కొంచెం. వెంట్రుకలా ఉంటుంది, మీరు అందులో ఎర్ర ఆక్సిజన్‌నీ నీలి నైట్రోజన్‌నీ చూపించాలనుకుంటే పాఠకుడికి తెలిసే అవకాశమే లేదు. అక్కడ రెండు దారులున్నాయి. స్టిక్‌ని లావు చేయడం ఒకటి. మొత్తం కాంప్లెక్స్‌ని సర్ఫేస్‌గా చూపించి, ఆ చిన్న భాగాన్ని పక్కన విడిగా పెద్దది చేసి చూపించడం ఇంకొకటి. నేను ఎప్పుడూ రెండోదే ఎంచుకుంటాను. స్టిక్ లావు చేస్తే పక్కపక్కన ఉన్నవి ఒకదానిలో ఒకటి కూరుకుపోతాయి.

హైడ్రోజన్ బంధాల చుక్కల గీతలకీ, సిమ్యులేషన్‌లో స్ట్రీమ్‌లైన్‌లకీ, మెష్ గీతలకీ ఇదే లెక్క వర్తిస్తుంది. అచ్చులో అర పాయింట్ కంటే సన్నగా వచ్చేది ఏదైనా అనుమానించండి.

ఇంకో చిక్కుంది. కొన్ని కొలతలు వస్తువుతో పాటు పెరుగుతాయి, కొన్ని పిక్సెళ్లకి కట్టుబడి ఉంటాయి. స్టిక్‌లూ గోళాలూ మొదటి రకం. బొమ్మని ఎంత పెద్దగా తీసినా వాటి నిష్పత్తి మారదు. మామూలు లైన్‌లు, అంచుల చుట్టూ వచ్చే నల్లటి సిల్హౌట్ గీతలు, లేబుళ్లు చాలా సాఫ్ట్‌వేర్లలో రెండో రకం. తెరమీద 900 పిక్సెళ్ల విండోలో రెండు పిక్సెళ్ల గీత ముద్దుగా ఉంటుంది. 2102 పిక్సెళ్ల రెండర్‌లో కూడా అది రెండు పిక్సెళ్లే అయితే, అచ్చులో సగం కంటే తక్కువ మందంలో కనిపిస్తుంది. అందుకే అసలు రెండర్‌కి ముందు, పూర్తి పిక్సెళ్లతో, తక్కువ నాణ్యతలో ఒకటి తీసి చూసుకోండి. విండోని చూసి నమ్మకండి.

నేపథ్యం తెలుపు. చాలా సాఫ్ట్‌వేర్లు నలుపుతో మొదలవుతాయి, కాగితంమీద నలుపు ఇంకు మింగుతుంది, చుట్టూ ఉన్న అక్షరాల్ని కూడా మరుగున పడేస్తుంది. తెలుపు పెట్టాక ఫాగ్ ఒకసారి చూడండి. నల్లటి నేపథ్యంలో లోతుని చూపించే ఆ పొగమంచు, తెల్లటి నేపథ్యంలో వెనక భాగాన్ని పూర్తిగా చెరిపేయగలదు. తగ్గించండి, లేదా తీసేయండి.

అన్నీ కుదిరాక ఆ వ్యూని సేవ్ చేసుకోండి. పైమాల్‌లో గెట్ వ్యూ కమాండ్ ఇస్తే 18 అంకెలు వస్తాయి, వాటిని స్క్రిప్ట్‌లో పెట్టుకుంటే ఏడాది తర్వాతైనా అదే కోణం అక్షరాలా తిరిగొస్తుంది. మౌస్‌తో తిప్పి దాదాపు అదే కోణం పట్టుకోవాలని చూసినవాళ్లకి ఆ 18 అంకెల విలువ తెలుసు.

నాలుగో మెట్టు: రెండర్

పైమాల్‌లో పీఎన్‌జీ కమాండ్‌కి వెడల్పుని పిక్సెళ్లలోనే కాకుండా సెంటీమీటర్లలో, అంగుళాల్లో కూడా ఇవ్వొచ్చు. వెడల్పు 8.9 సెంటీమీటర్లు, డీపీఐ 600, రే విలువ 1 అని ఒకే వరసలో ఇస్తే లెక్కంతా అదే చూసుకుంటుంది. వెడల్పు ఒక్కటే ఇస్తే ఎత్తు విండో ఆకారాన్నిబట్టి వస్తుంది. విండో నిష్పత్తి ముందే పెట్టుకోమన్నది అందుకే. లేబుళ్లు రెండర్‌లోనే ఉండి తీరాలనుకుంటే లేబుల్ సైజుని మైనస్ అంకెగా ఇవ్వండి. అప్పుడు ఆ కొలత ఆంగ్‌స్ట్రామ్‌లలో లెక్కకొస్తుంది, బొమ్మ పెద్దదైతే అక్షరమూ పెద్దదవుతుంది.

కైమెరాఎక్స్‌లో సేవ్ కమాండ్‌కి వెడల్పు, ఎత్తు పిక్సెళ్లలో ఇచ్చి, సూపర్‌శాంపుల్ 3 అని చేర్చండి. అంటే లోపల మూడింతల వెడల్పుతో గీసి, తర్వాత కుదిస్తుంది. అంచులు నున్నగా వస్తాయి.

వీఎండీ వాడేవాళ్లు స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా టాకియాన్ అనే రే ట్రేసర్‌కి పంపండి. రెండర్ విండోలో కనిపించే కమాండ్ వరసలోనే రిజల్యూషన్‌నీ, అంచుల్ని నున్నగా చేసే యాంటీ ఎలియాసింగ్ శాంపుళ్ల సంఖ్యనీ చేర్చవచ్చు. శాంపుళ్లు 12 పెడితే చాలా బొమ్మలకి సరిపోతుంది.

సిమ్యులేషన్ ఫలితాల్ని చూపించే పారావ్యూలో సేవ్ స్క్రీన్‌షాట్ విండోలో బొమ్మ రిజల్యూషన్‌తో పాటు ఫాంట్‌ని ఏం చేయాలని అడిగే చోటు ఒకటుంది. అక్షరాలు బొమ్మతోపాటు నిష్పత్తిలో పెరగాలి అన్నది ఎంచుకోండి, లేకపోతే రంగుల పట్టీ పక్కన అంకెలు చీమల్లా అయిపోతాయి. అక్కడే రంగుల పాలెట్ మార్చే సదుపాయం కూడా ఉంది. బూడిద రంగు నేపథ్యాన్ని విడిగా మార్చనక్కర్లేకుండా అచ్చుకి తగిన తెలుపు అక్కడే ఎంచుకోవచ్చు.

త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది సైన్స్ కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్ కాదు. అవుట్‌పుట్ ట్యాబ్‌లో రిజల్యూషన్ ఎక్స్, వై ఇచ్చాక కిందున్న శాతం 100 ఉందో లేదో చూడండి. పరీక్ష కోసం 50కి తగ్గించి, అలాగే మర్చిపోయి రాత్రంతా రెండర్ చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆర్థోగ్రాఫిక్ కెమెరాలో ఆర్థోగ్రాఫిక్ స్కేల్ అనే అంకె ఉంటుంది. బొమ్మలో పొడవైన వైపు ఎన్ని బ్లెండర్ యూనిట్లని చూపిస్తుందో అది చెబుతుంది. మీ మోడల్‌లో ఒక యూనిట్ అంటే ఒక నానోమీటర్ అయి, స్కేల్ 40 అయితే, 89 మిల్లీమీటర్ల బొమ్మలో 40 నానోమీటర్లు పట్టాయన్నమాట. 10 నానోమీటర్ల స్కేల్ బార్ అచ్చులో 22.25 మిల్లీమీటర్లు. అందాజా అవసరం లేదు.

అక్కడే ఇంకో ప్రమాదముంది. బ్లెండర్ 4.0 నుంచి వ్యూ ట్రాన్స్‌ఫార్మ్ (లెక్కగట్టిన వెలుతురుని తెరమీది రంగులుగా మార్చే సెట్టింగ్) మామూలుగా ఏజీఎక్స్‌లో ఉంటుంది, అంతకుముందు కొన్నేళ్లు ఫిల్మిక్. సినిమా వెలుతురుకి అవి చాలా బాగుంటాయి. కానీ ఉష్ణోగ్రతనో, విద్యుదావేశాన్నో రంగులో చూపిస్తున్నప్పుడు ఆ రంగులు మారిపోతాయి, పక్కనున్న రంగుల పట్టీతో కలవవు. డేటాని రంగులో చూపించే ప్రతి బొమ్మకీ దాన్ని స్టాండర్డ్‌కి మార్చండి. అప్పుడు కూడా నీడల వల్ల రంగు ముదురుతుంది కాబట్టి అలాంటి చోట వెలుతురు సమంగా, నీడలు లేతగా ఉంచండి.

పైథాన్‌లోని మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గ్రాఫ్‌లు చేసేవాళ్లకి పని సులువు. ఫిగ్‌సైజ్ అంగుళాల్లోనే అడుగుతుంది. ఏమీ ఇవ్వకపోతే 6.4 × 4.8 అంగుళాలు తీసుకుంటుంది, అక్షరం 10 పాయింట్లు. దాన్ని 3.5 అంగుళాలకి కుదిస్తే అక్షరం ఐదున్నరకి పడిపోతుంది. మొదటే 3.5 ఇచ్చి, ఫాంట్ 7 పెట్టండి. సేవ్ చేసేటప్పుడు బీబాక్స్ ఇంచెస్‌కి టైట్ అని ఇవ్వడం అందరికీ అలవాటు. అది అంచుల్ని కత్తిరించి మీరిచ్చిన వెడల్పుని మార్చేస్తుందని గుర్తుంచుకోండి. కొలత ముఖ్యమైనప్పుడు కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్ వాడండి. లక్షల చుక్కలున్న గ్రాఫ్‌ని పూర్తిగా వెక్టర్‌గా పంపితే ఫైల్ తెరవడానికే నిమిషాలు పడుతుంది. ఆ చుక్కల పొరని మాత్రం రాస్టర్‌గా (పిక్సెళ్లుగా) మార్చి, అక్షాలూ అక్షరాలూ వెక్టర్‌గా ఉంచండి.

ఐదో మెట్టు: అక్షరాలు, అమరిక

వెక్టర్ బొమ్మల సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ లేదా ఇల్లస్ట్రేటర్ తెరిచి పేజీని 89 లేదా 183 మిల్లీమీటర్ల వెడల్పుకి పెట్టండి. రెండర్ బొమ్మని తెచ్చి పెట్టాక దాని వెడల్పు ఎంత చూపిస్తుందో చదవండి. మీరనుకున్న మిల్లీమీటర్లే చూపిస్తే ఇప్పటిదాకా అంతా సరిగ్గా జరిగినట్టే. వేరేగా ఉంటే మూలని పట్టుకుని లాగి సర్దకండి, వెడల్పు గడిలో అంకె టైప్ చేయండి.

పేజీ వెడల్పు బొమ్మలో రెండు భాగాలు పక్కపక్కన పెట్టడానికి 183 ఎంత హాయైన అంకె అంటే, 89, మధ్యలో 5, మళ్లీ 89. ఒక కాలమ్ కోసం తీసిన రెండర్‌లనే మళ్లీ తీయకుండా వాడుకోవచ్చు.

అక్షరాలు 7 పాయింట్లు, మరీ ఇరుకైతే 6. 5 కంటే కిందకి వెళ్లొద్దు. భాగాల పేర్లు, అంటే ఏ, బీ, సీలు, 8 పాయింట్ల బోల్డ్‌లో. హెల్వెటికా లేదా ఏరియల్ లాంటి సాదా ఫాంట్ ఒక్కటే పెట్టుకుని బొమ్మలన్నిటికీ అదే వాడండి. గీతలు అర పాయింట్ నుంచి ఒక పాయింట్ మధ్య. అక్షరాల్ని బొమ్మలోని ముదురు భాగంమీద రాయాల్సి వస్తే పక్కకి జరిపి సన్నటి గీతతో కలపండి. తెల్లటి అంచు చుట్టిన అక్షరాలు తెరమీద బాగుంటాయి, అచ్చులో మసకబారతాయి.

పవర్‌పాయింట్‌లో ఈ పని చేసేవాళ్లు చాలామంది. చేయకూడదని అనను, కానీ స్లైడ్‌ని బొమ్మగా సేవ్ చేస్తే మామూలుగా వచ్చేది 1280 × 720 పిక్సెళ్లే. మీ 4323 పిక్సెళ్ల రెండర్ వెడల్పు అక్కడ మూడో వంతు కూడా మిగలదు. పవర్‌పాయింట్ తప్పదనుకుంటే స్లైడ్ కొలతని ముందే 18.3 సెంటీమీటర్లకి మార్చి, పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. వర్డ్‌లో బొమ్మ పెట్టి పంపాల్సి వస్తే, ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద బొమ్మల్ని కంప్రెస్ చేయొద్దు అనే గడిలో టిక్ పెట్టండి. లేకపోతే సేవ్ చేసిన ప్రతిసారీ బొమ్మ నాణ్యత పడిపోయే ప్రమాదముంది.

ఆరో మెట్టు: ఫైల్

రెండర్ ఎప్పుడూ పీఎన్‌జీ లేదా టిఫ్. జేపెగ్ వద్దు. జేపెగ్ బొమ్మని 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది, అందువల్ల పదునైన అంచుల చుట్టూ మురికి పట్టినట్టు వస్తుంది. ఫొటోలో అది కనిపించదు, తెల్లటి నేపథ్యంలో ఉన్న ఎర్ర స్టిక్ పక్కన కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకసారి జేపెగ్ చేశాక మళ్లీ టిఫ్‌కి మార్చినా ఆ మురికి పోదు. టిఫ్‌కి ఎల్‌జడ్‌డబ్ల్యూ కంప్రెషన్ వాడితే సైజు తగ్గుతుంది, ఒక్క పిక్సెల్ కూడా పోదు.

పారదర్శక నేపథ్యంతో తీసిన బొమ్మని పంపే ముందు తెలుపుతో నింపి, పారదర్శకతని నమోదు చేసే ఆల్ఫా పొరని తీసేయండి. కొన్ని సబ్మిషన్ సిస్టమ్‌లు ఆ పొర ఉన్న ఫైల్‌ని తీసుకోవు, కొన్ని తీసుకుని నేపథ్యాన్ని నల్లగా చేస్తాయి. రంగులు ఆర్‌జీబీలో (తెర రంగుల పద్ధతిలో) ఉంచండి, జర్నల్ ప్రత్యేకంగా సీఎంవైకే (అచ్చు ఇంకుల పద్ధతి) అడిగితే తప్ప. మెరిసే నీలం, నియాన్ ఆకుపచ్చ కాగితంమీద ఎలాగూ చప్పబడతాయి, కాబట్టి మీ వాదనంతా ఆ రంగులమీద నిలబెట్టకండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా మీదా నిలబెట్టకండి. ఆ రెండిటినీ వేరు చేసి చూడలేని పాఠకులు ప్రతి జర్నల్‌కీ ఉంటారు. నీలం, నారింజ జత దాదాపు అందరికీ తెలుస్తుంది.

డీపీఐ అంకె చూసి కంగారు పడకండి

ఏదో ఒక రోజు మీకు ఎడిటోరియల్ ఆఫీస్ నుంచి ఇలాంటి మెయిల్ వస్తుంది: మీ బొమ్మ 72 డీపీఐలో ఉంది, 300కి మార్చి పంపండి. టెన్షన్ పడి మళ్లీ రెండర్ మొదలుపెట్టకండి. ముందు పిక్సెళ్లు చూడండి. డీపీఐ అంటే ఫైల్‌లో ఒక మూల రాసి ఉన్న అంకె మాత్రమే. పీఎన్‌జీలో అది మీటరుకి ఇన్ని పిక్సెళ్లు అని ఉంటుంది, 300 డీపీఐ అయితే 11811. అది మారితే బొమ్మలో ఒక్క చుక్క కూడా మారదు, కాగితంమీద ఎంత వెడల్పులో పడాలన్నదే మారుతుంది. 2102 పిక్సెళ్ల బొమ్మకి 72 అని రాసుంటే అది 742 మిల్లీమీటర్ల పోస్టర్ అనుకుంటుంది సాఫ్ట్‌వేర్. 600 అని రాస్తే అదే బొమ్మ 89 మిల్లీమీటర్లు.

ఇమేజ్‌మ్యాజిక్‌లో డెన్సిటీ అనే ఆప్షన్‌తో ఆ అంకెని మాత్రం మార్చవచ్చు. ఫొటోషాప్‌లో అయితే ఇమేజ్ సైజ్ విండోలో రీశాంపుల్ టిక్ తీసేసి రిజల్యూషన్ మార్చండి. ఆ టిక్ ఉంచి 72ని 300 చేస్తే సాఫ్ట్‌వేర్ లేని పిక్సెళ్లని పక్కవాటినుంచి ఊహించి నింపుతుంది. ఫైల్ ఉబ్బుతుంది, వివరం ఒక్కటీ పెరగదు. నిజంగా పిక్సెళ్లు తక్కువగా ఉంటే, ఉదాహరణకి 89 మిల్లీమీటర్లకి 600 పిక్సెళ్లే ఉంటే, అప్పుడు మళ్లీ రెండర్ చేయాల్సిందే, వేరే దారి లేదు. తగ్గించడం మాత్రం తప్పు కాదు. రెట్టింపు తీసి, లాంక్‌జోస్ పద్ధతిలో సగానికి కుదిస్తే అంచులు ఇంకా నున్నగా వస్తాయి.

పంపే ముందు కాగితంమీద

పీడీఎఫ్‌ని ఏ4 కాగితంమీద 100 శాతంలో ప్రింట్ తీయండి. పేజీకి సరిపోయేలా పెంచు అన్న ఆప్షన్ ఆఫ్ చేయడం మర్చిపోవద్దు. స్కేల్ తీసుకుని కొలవండి, 89 రావాలి. తర్వాత ఆ కాగితాన్ని మామూలుగా పేపర్ చదివే దూరంలో పట్టుకోండి. ప్రతి అక్షరం చదవగలుగుతున్నారా? హైడ్రోజన్ బంధం చుక్కలు విడివిడిగా ఉన్నాయా, ఒకే గీతలా కలిసిపోయాయా? వెనకున్న హెలిక్స్ (స్ప్రింగ్‌లా చుట్టుకున్న ప్రోటీన్ భాగం) కనిపిస్తోందా? ఇంకొక ప్రింట్ నలుపు తెలుపులో తీయండి. పక్కపక్కనున్న రెండు రంగులు ఒకే బూడిదగా మారితే ఒకదాన్ని ముదురు చేయండి.

ఆ కాగితాన్ని ఈ పనితో సంబంధం లేని సహోద్యోగికి ఇచ్చి, ఏం కనిపిస్తోందో చెప్పమనండి. మీరేమీ చెప్పకండి. వాళ్ల వేలు మొదట ఎక్కడికి వెళ్తుందో చూడండి. మీరు చూపించదలచుకున్న చోటికి కాకుండా వేరే చోటికి వెళ్తే, మూడో మెట్టుకి వెనక్కి వెళ్లాలి.

ఇక దాచుకోవలసినవి: సెషన్ ఫైల్, వ్యూ అంకెలున్న స్క్రిప్ట్, అక్షరాలు లేని అసలు పీఎన్‌జీ, అమరిక ఫైల్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాసుకున్న చిన్న నోట్. అన్నీ ఆ బొమ్మ సంఖ్యతో ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. రివ్యూయర్ నాలుగు నెలల తర్వాత ఒక్క అమైనో ఆమ్లాన్ని వేరే రంగులో చూపించమంటారు. స్క్రిప్ట్‌లో ఒక వరస మార్చి మళ్లీ నడిపితే అదే కోణంలో, అదే 2102 పిక్సెళ్లలో కొత్త బొమ్మ వస్తుంది. అమరిక ఫైల్ ఆ పీఎన్‌జీని లింక్‌గా తీసుకుంటున్నట్టయితే పాత పేరుమీదే సేవ్ చేయండి, అక్షరాలు ఒక్క మిల్లీమీటరు కూడా కదలకుండా బొమ్మ మారిపోతుంది.